వాలు అరుగు

నూకాలు అత్త పోయిందన్న సంగతి నాకు పన్నెండు రోజులు ఆలస్యంగా తెలిసింది. తెలియడం కూడా ఎలా తెలిసింది? కారులో వెనక సీట్లో కూర్చుని డ్రైవరు మీద కేకలేస్తుంటే తెలిసింది. అతనిది జాలరిపేట. చెప్పాపెట్టకుండా నిన్న నాగా ఎందుకు పెట్టావయ్యా అని నేను విసుక్కుంటే, "మా ఈదిలో ముసలమ్మ పోనాదండి. నిన్న పెద్దకర్మ. మీ కంచరపాలెంలోనేనంట, ఒకప్పుడు సేపలమ్మేది. నూకాలమ్మని" అన్నాడు. కారు పక్కకు ఆపమన్నాను. పోర్టు వైపు వెళ్ళే లారీలు ఒకదాని వెనక ఒకటి దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. అతను అద్దంలోంచి నన్ను చూసి, "ఏటండీ, ఒంట్లో బాగోనేదా?" అని మంచినీళ్ళ సీసా అందించాడు. బాగానే ఉంది, పోనియ్యి అన్నాను. ఆ రోజు ఏ మీటింగుకు వెళ్ళానో, అక్కడ ఏం మాట్లాడానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

ఈ ఊళ్ళో నన్ను బిల్డరు గారంటారు. కింద కొట్లు, నడుమ ఆఫీసులు, పైన కాపురాలు ఉండే భవనాలు కట్టడం నా వృత్తి. మా ఆఫీసులో పిల్లలు దాన్ని 'మిక్స్‌డ్ యూజ్' అని బ్రోచర్లలో రంగురంగుల అక్షరాలతో వేస్తారు. శాలువా కప్పే సభల్లో ఎవరో ఒకరు మైకు పుచ్చుకుని, ఈ ఊరికి ఈ పద్ధతి తెచ్చింది వీరేనండీ, ఏ దేశం చూసొచ్చి తెచ్చారో అంటారు. నా మొహం! నేను చూసొచ్చిన దేశం కంచరపాలెం రైల్వే గేటు పక్కన మా ఇంటి అరుగు. నాకు తెలిసిన వ్యాపారమంతా ఆ అరుగు మీదే తెలిసింది. నేర్పింది నూకాలు అత్త. ఆమె కూర్చునే చోటు ఆమెకే ఉంచుతానని మా అమ్మ ఎదుట మాటిచ్చి, ఆ మాట తప్పినవాణ్ణి నేను. చిన్ననాటి సంగతులు రాయమని ఎవరడిగినా ఇన్నాళ్ళూ ఏదో వంక చెప్పి తప్పించుకున్నది ఇందుకే. అమ్మ లేదు, ఇప్పుడు అత్తా లేదు. ఇంకా ఎవరి మొహం చూడలేక దాక్కోవాలి? అందుకని రాస్తున్నాను.

మాది రెండు గదుల పెంకుటిల్లు. వెనక వంటిల్లు, దాని వెనక బాదంచెట్టు కింద నుయ్యి, ముందు వీధి పొడుగునా అరుగు. ఇంట్లో గదులు ఎవరికీ చాలేవి కావు గానీ, ఆ అరుగు మాత్రం అందరికీ చాలేది. పొద్దున్న అది నూకాలు అత్త చేపల కొట్టు. మధ్యాహ్నం, రైలు పట్టాల మీద పనిచేసి వచ్చిన నాన్నకు పడకగది. టవలు చుట్టగా చుట్టి తల కింద పెట్టుకుని, మోచెయ్యి కళ్ళ మీద అడ్డం వేసుకుని పడుకునేవాడు. పక్కనే గూడ్సు బండి పెంకులు అదిరేలా పోయినా లేచేవాడు కాదు గానీ, వీధిలో ఎవరైనా తన పేరెత్తితే మాత్రం ఠక్కున లేచి కూర్చునేవాడు. సాయంత్రమయ్యేసరికి అదే అరుగు అమ్మ బజ్జీల కొట్టు. కిరసనాయిలు స్టవ్వు ఒక మూల పెట్టి, మూకుడెక్కించి, షిఫ్టు దిగి వచ్చేవాళ్ళ కోసం మిరపకాయ బజ్జీలూ పుణుకులూ వేసేది. పొద్దుటి చేపల వాసన మీద సాయంత్రం శనగపిండి వాసన, రెంటి మీదా గేటు దగ్గర ఆగిన ఇంజను బొగ్గు వాసన. ఇప్పటికీ ఎక్కడైనా బజ్జీలు వేగుతుంటే వెనకాలే ఇంకో వాసన రావాలని ముక్కు ఎదురుచూస్తుంది, రాదు.

నూకాలు అత్త మాకు చుట్టం కాదు. మాది విజయనగరం అవతల ఒక పల్లె. సేద్యంలో చేతులు కాల్చుకుని పట్నం చేరిన సంసారం. ఆమెది జాలరిపేట, వాళ్ళాయన తెప్ప మీద వేటకెళ్ళేవాడు. మా అమ్మను వదినమ్మా అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది. తెల్లవారుతూనే ఒడ్డున చేపలు పుచ్చుకుని, గంప నెత్తినెత్తుకుని, మొదటి బస్సెక్కి వచ్చేది. మనిషి కనబడేలోగానే కండక్టరుతో ఆమె తగువు వినబడేది. "ఏటీ, నీ బస్సుకి కంపొత్తాదా? నీ ఇంటికాడ పులుసు మరిగినప్పుడు రాదేటి కంపు? అప్పుడు కంచం నాకుతావు కదా!" అని. నల్లగా, పొట్టిగా, మోకాళ్ళ దాకా ఎగగట్టిన చీర, ముక్కుకు రెండు వైపులా పుడకలు, నోట్లో అడ్డపొగ. చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, పొగ పీలుస్తూనే బేరాలాడేది. ఆ నిప్పుకు నాలుక ఎందుకు కాలదో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. ఒకసారి దొంగతనంగా నేనూ ప్రయత్నించి, మూడు రోజులు మజ్జిగన్నం తిన్నాను.

అరుగుకు అద్దె లేదు. అద్దె మాట ఎత్తితే ఇరుపక్కలవాళ్ళకూ అవమానమే. దానికో పద్ధతుండేది. గంప దించగానే, ఇంకా బోణీ కాకముందే, పైనున్న చేపల్లోంచి దోసెడు తీసి మా సిల్వరు గిన్నెలో వేసేది. నెత్తళ్ళయితే నెత్తళ్ళు, కవళ్ళయితే కవళ్ళు, మా అదృష్టం బాగుంటే కోనాం ముక్క. ఇవొద్దు అవి వెయ్యి అని అమ్మ అనకూడదు. ఇవాళ సరుకు తక్కువ, రేపేస్తానని అత్త అనకూడదు. ఇంటి వాటా పడ్డాకే బోణీ. మా వీధికి వచ్చే చేపల ఆడవాళ్ళందరికీ ఇలాగే ఒక్కొక్క ఇంటి అరుగుండేది, ఒకరి అరుగు మీద ఇంకొకరు గంప దించేవారు కాదు. మార్గశిర లక్ష్మివారాలు అమ్మ చేప ముట్టదు, అత్త కూడా గంప ఎత్తదు. అయినా ఊరికే ఉండలేక, అమ్మవారి గుడికెళ్ళి వస్తూ కొబ్బరిచిప్పతో మా ఇంటికొచ్చి, ఆ అరుగు మీదే కూర్చుని మధ్యాహ్నం దాకా కబుర్లు చెప్పేది. మామూలు రోజుల్లో అమ్మ ఆమెకు చోడి అంబలి ఇచ్చేది, పచ్చి ఉల్లిపాయ నంజుకుని తాగేది. అమ్మకం అయ్యాక నూతినీళ్ళు తోడి అరుగంతా కడిగి, పసుపునీళ్ళు చల్లి గానీ కదిలేది కాదు. నాన్న పడుకునేసరికి అరుగు చల్లగా ఆరి ఉండేది.

పాలిటెక్నిక్‌లో సివిల్ చదివే రోజుల్లో, కాలేజీకి వెళ్ళే ముందు నేను ఆమె పక్కన కూర్చునేవాణ్ణి. సర్వేయింగు నోట్సు ఒళ్ళో తెరిచి పెట్టుకుని ఆమె బేరాలు వింటూండేవాణ్ణి. ఒకరోజు అడిగాను.

"అత్తా, ఊరంతా ఒదిలీసి మా గేటుకాడికే ఏల వత్తావు?"

చుట్ట నోట్లోంచి తీసి, పాపం అన్నట్టు నా వైపు చూసింది. "ఓరి నా సదువుల సత్తిబాబూ! గేటు పడ్డాదా, మనిసి కాలు ఆగుతాది. కాలాగినకాడ కన్నాగుతాది. కన్నాగినకాడ బేరం. దీనికి కాలేజీ కెల్లాలేటి?"

"మరి ఎదురుగా ఆ పక్కన కూకోవచ్చు కదా?"

"ఆ పక్క ఎండ రా. నీడున్న పక్కనే మనిసి నడుత్తాడు. ఆడు నడిసినకాడ మనం కూకోవాల గానీ, మనం కూకున్నకాడికి ఆణ్ణి రమ్మంటే వత్తాడేటి, ఆడు మన మేనల్లుడా?"

ఆ రెండు ముక్కలే నా చదువు. ఆ తర్వాత నేను కొన్న ప్రతి స్థలం ముందూ కొనక ముందు ఒక రోజంతా ఊరికే నిలబడేవాణ్ణి. నడిచేవాళ్ళ కాలు ఎక్కడ నెమ్మదిస్తోంది, నీడ ఏ పూట ఎటు పడుతోంది, బస్సు దిగినవాడు మొదట ఎటు తిరుగుతున్నాడు, అన్నీ చూసేవాణ్ణి. తోటి బిల్డర్లు వాస్తు చూపించుకునేవారు, నేను కాళ్ళు చూసేవాణ్ణి. అందుకే మిగతావాళ్ళ కొట్లు ఖాళీగా ఈగలు తోలుకుంటుంటే నావి పునాదుల్లో ఉండగానే అయిపోయేవి. ఎవరైనా రహస్యం అడిగితే అనుభవమండీ అని చెప్పేవాణ్ణి. ఆమె పేరు ఒక్కసారీ చెప్పలేదు.

నాన్న ఉద్యోగంలో ఉండగానే పోయాడు. నేను ఒక కాంట్రాక్టరు దగ్గర కొన్నాళ్ళు సైట్లు చూసి, పని పట్టుబడ్డాక, మా ఇల్లు పడగొట్టి పక్క ఖాళీ స్థలం కూడా కలుపుకుని భవనం కట్టాలని తీర్మానించుకున్నాను. కింద నాలుగు కొట్లు, వెనక సందులో ఇంకొకటి, పైన ఎనిమిది ఇళ్ళు. అదే నా మొదటి కట్టడం. ప్లాను అరుగు మీద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, అమ్మకు గంటసేపు చెప్పాను. అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"మరి నూకాలేటవుతాది?"

"దానికేటమ్మా, కొత్త అరుగు కడతాను కదా. రాయి పరిసి."

"నాకేల సెప్తావు? దానికి సెప్పు."

అత్త అక్కడే ఉంది, కత్తిపీట ముందు కూర్చుని ఎవరికో చేప పొలుసు తీస్తోంది. తలెత్తలేదు. నేను వెళ్ళి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. "అత్తా, ఇల్లు పడగొడతన్నాను గానీ నీ సోటు నీకే ఉంతాది. కొత్త అరుగు మీద మొదట కూకునేది నువ్వే" అన్నాను.

చేతులు నీళ్ళలో ముంచి, చీర చెంగుకు తుడుచుకుని, నా గడ్డం పట్టుకుంది. "కూకుంతాను నాయనా. నువ్వు కట్టినాక ఇంకెక్కడికెల్తాను?" అంది. అమ్మ గుమ్మంలో నిలబడి, "ఇన్నావు కదే నూకాలూ? నానూ ఇన్నాను" అని లోపలికి వెళ్ళిపోయింది. మా ఇంట్లో కాగితాల మీద సంతకాలు తెలియవు, అదే సంతకం.

కట్టినంత కాలమూ అత్త గేటు స్తంభం దగ్గర ఇసకకుప్ప మీద కూర్చుని అమ్ముకుంది. మేస్త్రీలను అదిలించేది, ఇటుక తడపకుండా పెడితే కేకలేసేది, మా సైటుకు జీతం లేని సూపర్‌వైజరు. అరుగు మాత్రం నేను దగ్గరుండి కట్టించాను. మోకాలి ఎత్తు, వీధి పొడుగునా నున్నని నల్లరాయి. గృహప్రవేశం నాడు పురోహితుడు ఇంకా గేటు దాటనే లేదు, అత్త గంప దించి కూర్చుంది. అమ్మకు మొదటి అంతస్తులో వీధివైపు ఇల్లిచ్చాను. అమ్మ సిల్వరు గిన్నెకు తాడు కట్టి పైనుంచి కిందికి దించేది, అత్త వాటా వేసి తాడు లాగేది, గిన్నె పైకి పోయేది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకునేవారు. ఇంత కట్టాను కదా ఆ తర్వాత, ఆ కొద్ది నెలల్లో ఉన్నంత సంతోషంగా నేను మళ్ళీ లేను.

కొట్లలో పెద్దది పట్టుచీరల వ్యాపారి తీసుకున్నాడు. ఆయన కొన్నాళ్ళు చూసి, నా దగ్గరకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, చీర మడత విప్పితే నెత్తళ్ళ వాసనొస్తోందంటున్నారు. మీరే ఏదో ఒకటి తేల్చండి, లేకపోతే నేను ఖాళీ చేస్తాను" అన్నాడు. పైన ఇళ్ళలో సగం ఇంకా అమ్ముడుపోలేదు. చూడడానికొచ్చినవాళ్ళు కిందనే ముక్కు మూసుకుని వెనక్కి తిరిగిపోతున్నారని బ్రోకరు గోల. కాపురం చేరినవాళ్ళు కూడా ఒక కాగితం మీద సంతకాలు పెట్టి తెచ్చారు. నాకు నిజంగానే భయమేసింది. మొదటి కట్టడం, ఇది కూలితే మళ్ళీ లేవలేను. అది బుకాయింపు కాదు. కానీ భయపడ్డవాళ్ళందరూ నేను చేసిన పని చేస్తారా?

ముందు మంచివాడిలాగే మొదలుపెట్టాను. వెనక సందులో ఉన్న కొట్టు ఆమెకు ఊరికే ఇచ్చాను. షట్టరు, టైల్సు, కుళాయి, పైన ఫ్యాను. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, ఎంత ఉపకారం చేశానో చూశారా అన్నట్టు చుట్టూ చూశాను. అత్త పది రోజులు అందులో కూర్చుంది. గేటు పడితే జనం ముందువైపు ఆగుతారు గానీ సందులోకి ఎవరొస్తారు? మధ్యాహ్నానికి చేప మెత్తబడిపోయేది. పిల్లులకు వేసి ఖాళీ గంపతో వెళ్ళిపోయేది. ఇలా అవుతుందని నాకు తెలియదా? ఇలా అవుతుందని నాకు నేర్పిందే ఆమె. పదకొండో రోజు వచ్చి తాళంచెవి నా బల్ల మీద పెట్టింది.

"నానైతే కూకుంతాను బాబూ, ఎన్నాళ్ళయినా కూకుంతాను. సేప కూకోదు కదా" అంది.

మర్నాడు మళ్ళీ అరుగు మీద గంప దించింది. చీరల వ్యాపారి నా వైపు చూశాడు. నాకు ఆమెను పొమ్మనడానికి నోరు రాలేదు. ఆ నోరే వచ్చి ఉంటే ఎంత బాగుండేది! అత్త నన్ను వీధి వీధంతా వినేలా తిట్టేది, అమ్మ రెండు తగిలించేది, ముగ్గురం కూర్చుని ఏడ్చి ఏదో ఒక దారి వెతుక్కునేవాళ్ళం. నేను నోరు విప్పకుండా చదువుకున్న చదువు వాడాను.

మార్గశిర లక్ష్మివారం చూసి మేస్త్రిని పిలిపించాను. అత్త గంప ఎత్తని రోజు, అమ్మతో కలిసి గుడికి పోయి, మా ఇంటికి రాకుండా అటునుంచటే జాలరిపేట వెళ్ళిపోయిన రోజు. అరుగు రాళ్ళు పీకించి, వీధివైపుకు వాలుగా మళ్ళీ పరవమన్నాను.

"వాన నీటికా బాబూ? వాన నీటికయితే ఏలెడు వాలు సాలండి" అన్నాడు మేస్త్రి.

"జానెడు ఇవ్వు."

అతను రాయిని సిమెంటు వెయ్యకుండా వాలుగా ఆనించి, సరిపోయిందో లేదో చూద్దామని దాని మీద తనే కూర్చోబోయాడు. జారి, కాలు నేలకు తన్నిపెట్టి నిలదొక్కుకున్నాడు. "కూకుంతే జారిపోతన్నామండి" అన్నాడు నవ్వుతూ. జారనియ్యి అన్నాను. అతని నవ్వు ఆగిపోయింది. అతనూ అత్త దగ్గర చేపలు కొనేవాడే. తలవంచుకుని సిమెంటు కలపడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున్న నేను అమ్మ ఇంట్లో కిటికీ దగ్గర ఉన్నాను. చూడకుండా ఉండలేకపోయాను. అత్త బస్సు దిగింది. గేటు పడి ఉంది, జనం ఆగి ఉన్నారు. ఎన్నో ఏళ్ళుగా అలవాటైన చోటు కదా, అటు చూడను కూడా చూడకుండా, వెనక ఉన్నవాళ్ళెవరినో పలకరిస్తూ గంప దించింది. గంప జారింది. పట్టుకోబోయేసరికి పక్కకు ఒరిగి కవళ్ళన్నీ రోడ్డు మీద పడ్డాయి. ఒకరిద్దరు వంగి ఏరిచ్చారు. మిగతావి ఆమె ఒక్కతే ఏరుకుంది, మట్టి కడిగి గంపలో వేసుకుంది. ఆ తర్వాత అరచెయ్యి రాయి మీద పెట్టి పైనుంచి కిందికి మెల్లగా రాసింది, జ్వరం వచ్చిన పిల్లవాడి వీపు రాసినట్టు. మళ్ళీ రాసింది. నేను కిటికీలోంచి పక్కకు తప్పుకున్నాను.

"ఏటే నూకాలూ, ఏటయినాది?" అని అమ్మ పైనుంచి కేకేసింది.

నేను అక్కడే ఉన్నానని తెలిసి అందో, తెలియక అందో, "ఏటీ నేదు వదినమ్మా. వాన నీరాగకుండా వాలు సేయించినాడు మనోడు. మంచిదేలే" అంది. గిన్నె దించమంది. బోణీ కాకముందే వాటా వేసి తాడు లాగింది. గంప నడుముకు ఆనించుకుని, కరెంటు స్తంభం పక్కన నిలబడి అమ్మడం మొదలుపెట్టింది.

అలా ఒక నెల నిలబడి అమ్మింది, మోకాళ్ళ నొప్పులున్న మనిషి. తర్వాత రావడం మానేసింది. ఎక్కడ అమ్ముతోందో నేను కనుక్కోలేదు. చీరల కొట్టు బ్రహ్మాండంగా నడిచింది, పైన ఇళ్ళు అమ్ముడుపోయాయి, నేను రెండో స్థలం కొన్నాను. అమ్మ మాత్రం అత్త రావడం మానిన రోజు నుంచి చేప ముట్టలేదు. నాకు వండి పెట్టేది, తను చారన్నం తినేది. అదేమిటమ్మా అని అడిగితే, "ఇంటి వాటా పడకుండా సేప నోట్లో ఎలగెట్టుకుంతాను రా?" అంది. ఒక్కసారే అంది. తిట్టు అమ్మా, కొట్టు అమ్మా అని ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను ఒకసారి. "నిన్ను తిట్టి ఏటి సేత్తాను, అన్నం తిను" అని కంచం నా ముందుకు జరిపింది. చివరి రోజుల్లో నీరసానికి చేపల పులుసు పెట్టండని డాక్టరు చెబితే, గిన్నె చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. అలాగే పోయింది.

ఆ వాలు అరుగు అక్కడితో ఆగి ఉంటే నాకు ఒక తప్పే మిగిలేది. తోటి బిల్డర్లు వచ్చి చూసి, భలే పని చేశావు గురూ, బిచ్చగాళ్ళు పడుకోరు, కుర్రాళ్ళు కూర్చోరు, ఎవడితోనూ తగువు పెట్టుకోనక్కర్లేదు అని మెచ్చుకున్నారు. నేను నవ్వాను. ఆ డ్రాయింగు మా ఆఫీసు ఫైల్లోకి ఎక్కింది. ఆ తర్వాత నేను కట్టిన ప్రతి భవనం ముందూ అదే వాలు. నన్ను చూసి వాళ్ళు, వాళ్ళను చూసి ఇంకొకళ్ళు. ఇప్పుడు గాజువాక నుంచి మధురవాడ దాకా నడిచి చూడండి, కొత్త కట్టడాల ముందు మనిషి వెన్ను వాల్చే చోటు ఎక్కడైనా దొరుకుతుందేమో. భోజనాలు మోసుకొచ్చే కుర్రాళ్ళు బళ్ళ మీదే అడ్డంగా కూర్చుని ఆవలిస్తుంటారు. పనిచేసే ఆడవాళ్ళు లిఫ్టు వచ్చేదాకా గోడ పట్టుకుని నిలబడతారు. ఒక పెద్దాయన బస్సు కోసం రోజూ ఇంటినుంచి ప్లాస్టిక్ స్టూలు మోసుకొచ్చి, బస్సు రాగానే దాన్ని పాన్‌షాపులో అప్పజెప్పి వెళ్ళడం నేను చూశాను. మేము నాలుగో అంతస్తులో గాజుతలుపు వెనక సోఫాలు వేసి, నలుగురూ కలుసుకునే చోటని పేరు పెట్టి అమ్ముతాం. అందులో ఎవడూ కూర్చోడు. మా పాత అరుగు ఒకే రోజులో మూడు పనులు చేసేది, నలుగురికి అన్నం పెట్టేది. నా భవనాలన్నీ కలిసి అంత పని చేశాయా అంటే నాకు జవాబు తెలుసు.

డ్రైవరు చెప్పిన రెండో రోజు జాలరిపేట వెళ్ళాను. ఇరుకు సందు, ఇళ్ళ మధ్య తీగల మీద ఆరేసిన వలలు, ఇసకలో ఎండుతున్న నెత్తళ్ళు. అత్త కూతురు పోలమ్మ వాకిట్లో చేపలమ్మే బేసిన్ తోముకుంటోంది. తల నెరిసింది, పోలిక మాత్రం అచ్చంగా అత్తదే. నన్ను చూడగానే లేచి, "సత్తిబాబు గారు కదండీ" అని పక్కింటినుంచి కుర్చీ తెచ్చి వేసింది. లోపల గోడకు దండ వేసిన ఫోటో. మా గేటు దగ్గర మానేశాక అత్త వీధి వీధీ తిరిగి అమ్మిందట. మోకాళ్ళు పూర్తిగా పట్టేశాక ఇంట్లో కూర్చుని వలలు బాగుచేసిందట. నేను ఉండబట్టలేక, "వాన నీటికి కాదమ్మా ఆ వాలు. మీ అమ్మ కూకోకూడదనే సేయించాను" అన్నాను.

"తెలుసండి. అమ్మకి ఆ పొద్దే తెలుసు" అంది పోలమ్మ, బేసిన్ తోముతూనే.

బీచి రోడ్డులో కొత్తగా కడుతున్నాను, ముందువైపే, జనం నడిచే పక్కనే, సాపుగా అరుగు కట్టిస్తాను, నీ పేర రాయించి ఇస్తాను, నీ తర్వాత నీ కూతురికి, ఎవరూ కదపలేరు అని గబగబా చెప్పుకుపోయాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆమె అంతా విని, నీళ్ళు పారబోసి, చేతులు తుడుచుకుంది.

"వద్దండి. అమ్మ సెప్పి పోనాది. నాను పోయినాక సత్తిబాబు వత్తాడు, ఏదో ఇత్తానంతాడు, పుచ్చుకోకే అనీసి."

"అంత కోపమా అమ్మా నా మీద?"

"కోపమేటండి! మిమ్మల్ని ఒక్క మాటంటే మమ్మల్ని కొట్టొచ్చేది. పుచ్చుకుంతే ఆడు మరిసిపోతాడే, అనేది. వదినమ్మ పోనాది, ఆ పాతోళ్ళందరూ పోనారు, ఆ అరుగు మీద నాను కూకున్నానని గురుతున్నోడు ఆడొక్కడే మిగిలినాడు, ఆణ్ణి మరవనీకండి అని మరీ మరీ సెప్పినాది."

బస్సుకు టైమయిందండి, ఏటీ అనుకోకండి అంటూ ఆమె బేసిన్ నెత్తిన పెట్టుకుని సందు చివర మలుపు తిరిగింది. నేను ఆ పరాయి కుర్చీలో కూర్చుని, ఈ వయసులో, వచ్చేపోయేవాళ్ళందరూ చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చాను.